పిల్లలకు పటం అలవాటు చేయడం ఎలా: ఇంటి గచ్చు నుంచి గోదావరి దాకా

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు అవుట్‌లైన్ మ్యాపులో రాష్ట్రాలన్నీ తడుముకోకుండా గుర్తించేది. ఒక సాయంత్రం డాబా మీద నిలబడి, "ఉత్తరం ఎటమ్మా?" అని అడిగితే తలెత్తి ఆకాశం చూపించింది. దాని తప్పేం లేదు. గోడకు వేలాడే పటంలో ఉత్తరం పైనే కదా ఉండేది!

మ్యాప్ పాయింటింగ్‌లో మార్కులు రావడం వేరు, పటం చదవడం వేరు అని ఆ రోజు అర్థమైంది. అప్పటి నుంచి పద్ధతి తిరగేశాం. దేశంతో మొదలెట్టడం మానేసి, మేం నిలబడ్డ గదితో మొదలుపెట్టాం. ఇక్కడ రాసినవన్నీ సెలవుల్లో మా అమ్మాయి, దాని పెద్దమ్మ పిల్లలు కలిసి చేసినవే. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఎవరైనా చేయొచ్చు. చదరాల లెక్కల పుస్తకం, పెన్సిలు, సుద్దముక్క, పురికొస, జానెడు పుల్ల, ఒక బంగాళాదుంప దగ్గర పెట్టుకోండి. అట్లాసు కొనడం చివరి పని.

1. ముందు దిక్కులు

వాస్తు మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, మన ఇళ్ళలో దిక్కుల మాటలకు కరువు లేదు. ఆగ్నేయంలో వంటిల్లు, ఈశాన్యంలో బోరు, నైరుతిలో పెద్దవాళ్ళ పడకగది అంటూ నాలుగు మూలల పేర్లూ పిల్లల చెవిన ఎప్పుడో పడే ఉంటాయి. వాటిని ఆటగా మార్చండి. హాలు మధ్యలో పిల్లల్ని నిలబెట్టి "వాయవ్యం!" అని అరవండి. ఆ మూలకు ముందుగా పరుగెత్తినవాళ్ళకు ఒక పాయింటు. రెండు రోజుల్లో ఎనిమిది దిక్కులూ వచ్చేస్తాయి.

ఇక్కడే ఇంకో మెలిక పెట్టండి. "నైరుతి రుతుపవనాలు" అన్న మాట పిల్లలు పుస్తకంలో చదువుతారు, ఆ నైరుతి తమ పడకగది మూలే అనుకోరు. ఒకరిని ఆ మూలన నిలబెట్టి, ఈశాన్యం వైపు ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ పరుగెత్తమనండి. అదే జూన్‌లో వచ్చే గాలి. ఎటు నుంచి వస్తే ఆ పేరే గాలికి. అక్టోబరు దాటాక పరుగు తిరగబడుతుంది. ఈశాన్యం నుంచి నైరుతికి వచ్చే ఆ గాలులే నెల్లూరు వైపు ఎక్కువ వాన తెస్తాయి. పరుగెత్తినవాళ్ళు దీన్ని మరిచిపోరు.

2. దిక్సూచి కొనకుండా ఉత్తరం పట్టుకోవడం

అన్నిటికంటే నాకు నచ్చింది ఇదే. ఒక రోజంతా పడుతుంది కానీ పిల్లలు అలిసిపోరు, ఎందుకంటే మధ్యలో గంటలకొద్దీ ఆడుకోవచ్చు.

"మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరం చూపిస్తుంది" అని చాలా చోట్ల చదువుతాం. మన దగ్గర వేసవి సెలవుల్లో ఈ మాట నమ్మితే పిల్లల ముందు పరువు పోతుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పెట్టిన పుల్లకు నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికే పడుతుంది. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ నీడ మాయమై, అప్పటి నుంచి ఉత్తరం వైపు తిరుగుతుంది.

ఏ నెలలోనైనా పనికొచ్చే పద్ధతి శుల్బ సూత్రాల (యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన సంస్కృత గ్రంథాలు) కాలం నుంచీ ఉంది. ఆ పుల్లనే శంకువు అన్నారు. ఇంటికి శంకుస్థాపన అంటున్నామే, ఆ శంకువే ఇది.

ఎండ బాగా పడే చదునైన చోటు చూడండి, డాబా అయితే మేలు. జానెడు పుల్లను మట్టిముద్దలో నిటారుగా నిలబెట్టండి. నిటారుగా ఉందో లేదో దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీసి సరిచూసుకోవాలి. పుల్ల ఎంత పొడవుందో అంత పురికొస తీసుకుని, పుల్ల మొదలు చుట్టూ సుద్దతో వృత్తం గీయండి. ఉదయం నీడ వృత్తం దాటి బయటికి ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ కురచనవుతూ లోపలికొస్తుంది. నీడ కొస వృత్తాన్ని తాకిన చోట పిల్లల చేత చుక్క పెట్టించి, టైము రాయించండి. వేసవిలో ఇది ఉదయం తొమ్మిది ప్రాంతంలో జరుగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక నీడ మళ్ళీ పెరిగి, అవతలి వైపు వృత్తాన్ని దాటుతుంది. అక్కడ రెండో చుక్క. మొదటిది పడమర వైపు, రెండోది తూర్పు వైపు. రెండిటినీ కలిపితే తూర్పు పడమరల గీత. దానికి అడ్డంగా, పుల్ల మీదుగా నిట్టనిలువు గీత గీస్తే ఉత్తర దక్షిణాలు.

ఇక కాస్త పెద్ద పిల్లలుంటే ఇక్కడితో ఆపొద్దు. రాసుకున్న రెండు టైములకూ సరిగ్గా నడిమి టైము లెక్క కట్టమనండి. మే రెండో వారంలో హైదరాబాద్‌లో అది 12 గంటలు కాదు, 12:12 దగ్గర వస్తుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది, హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు తీసుకుంటాడు, అంటే నాలుగు డిగ్రీలకు పదహారు. మే నెలలో సూర్యుడు గడియారం కంటే నాలుగు నిమిషాల దాకా ముందు నడుస్తాడు కాబట్టి 12:16 కాస్తా 12:12 అవుతుంది. కాకినాడ 82.25 దగ్గర ఉంది కాబట్టి అక్కడ మిట్టమధ్యాహ్నం మనకంటే పావుగంట ముందే అయిపోతుంది. కాకినాడలోనో ఆ చుట్టుపక్కలో చుట్టాలుంటే, ఒకే రోజు రెండిళ్ళలోనూ పుల్లలు పెట్టించి, సాయంత్రం ఫోన్లో లెక్కలు సరిపోల్చుకోమనండి. రేఖాంశం అంటే ఏమిటో వేరే చెప్పే పనుండదు. చుక్క పెట్టే దగ్గర రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అవుతాయి, ఫరవాలేదు.

3. గచ్చు పటం

దిక్కులు వచ్చాక ఇంటి పటం. హాల్లో పలకలు, అదే టైల్స్, పరిచి ఉంటే పని సగం తేలిక. ఒక పలక అంటే చదరాల పుస్తకంలో ఒక గడి. గోడలు ఎన్ని పలకల దూరంలో ఉన్నాయో లెక్కపెట్టి గీయించండి. పలకలు లేని గచ్చయితే పాదం వెనక పాదం పెట్టి కొలవమనండి, మూడు పాదాలకు ఒక గడి అనుకుంటే సరి.

పిల్లలందరూ ఒకే చోట ఆగిపోతారు. మంచం గీయమంటే నాలుగు కాళ్ళతో పక్కనుంచి చూసినట్టు గీస్తారు. పటం పైనుంచి చూసేది అన్న సంగతి మాటలతో ఎక్కదు. స్టీలు గ్లాసును కాగితం మీద బోర్లించి, నిలబడి కిందికి చూడమనండి. కనిపించేది గుండ్రం. చుట్టూ పెన్సిలు తిప్పితే అదే గ్లాసు పటం. తర్వాత అగ్గిపెట్టె, టీవీ రిమోటు, చెప్పు. ఒక పావుగంట ఇవి గీశాక మంచం కాళ్ళు వాటంతటవే మాయమవుతాయి.

గుర్తులు పిల్లలే కనిపెట్టాలి. మా ఇంట్లో ఫ్రిజ్‌కు మంచు చుక్క, దేవుడి గూటికి దీపం, తాతయ్య కుర్చీకి కళ్ళజోడు. పటం కింద మూలన ఆ గుర్తుల పట్టిక, పై మూలన ఉత్తరం బాణం తప్పనిసరి.

4. నిధి వేట

గీసిన పటం పనికిరావాలి కదా. ఇంట్లో నాలుగైదు చోట్ల చీటీలు దాచండి. ప్రతి చీటీలోనూ తర్వాతి చోటు పేరు ఉండకూడదు, పటం మీద గుర్తుగానో, "ఇక్కడి నుంచి తూర్పుకు నాలుగు పలకలు, దక్షిణానికి రెండు" అనో ఉండాలి. చివర పల్లీచిక్కీ పెడితే చాలు.

రెండోసారి ఆడేటప్పుడు పాత్రలు మార్చండి. దాచేది పిల్లలు, వెతికేది మీరు. వాళ్ళ పటంలో వంటింటి తలుపు తప్పు గోడకు ఉంటే మీరు నిజాయితీగా ఆ గోడకే వెళ్ళి నిలబడండి. తెలిసినా సర్దుకోకండి. "నాన్నా, అటు కాదు!" అని అరుస్తూనే వాళ్ళు రబ్బరు తీసుకుంటారు. నా లెక్కలో అసలు చదువు ఈ దిద్దుబాటు దగ్గరే జరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. కాగితాన్ని తాము తిరిగిన వైపుకల్లా తిప్పుకునే పిల్లల్ని కొందరు పెద్దవాళ్ళు వెక్కిరిస్తారు. వెక్కిరించొద్దు. పటంలోని ఉత్తరాన్ని నిజం ఉత్తరం వైపుకే తిప్పి పెట్టుకోవడం సర్వే చేసేవాళ్ళు కూడా చేసే పనే.

5. వీధిలోకి

ఇంటి నుంచి కిరాణా కొట్టు దాకా, లేదా బడి బస్సు ఆగే చోటి దాకా పటం గీయించండి. ముందుగా ఒక 20 మీటర్లు టేపుతో కొలిచి, మామూలు నడకతో ఎన్ని అడుగులు పడతాయో చూడాలి. మా అమ్మాయికి 36 పడ్డాయి. మూడుసార్లు నడిచి సగటు తీస్తే నమ్మకంగా ఉంటుంది. ఆ తర్వాత దారంతా అడుగులు లెక్కపెట్టుకుంటూ, మలుపు మలుపుకూ రాసుకుంటూ పోవాలి. ఇంటికొచ్చాక సెంటీమీటరుకు పది మీటర్ల చొప్పున గీయాలి. కుక్కలున్న సందు, మామిడిచెట్టు, ఎప్పుడూ నీళ్ళు నిలిచే గుంట కూడా పటంలోకి ఎక్కాలి. పిల్లల పటానికి అవే ముఖ్యమైన ఊళ్ళు.

నడిచి కొలవడం చిన్నపిల్లల పని అనుకుంటే 1802 కథ చెప్పండి. మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ మనుషులు ఉక్కు గొలుసుతో దాదాపు 12 కిలోమీటర్ల గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. ఆ ఒక్క గీత మీద త్రిభుజాలు అల్లుకుంటూ దేశం పొడుగునా పోయారు. దశాబ్దాల తర్వాత ఆ సర్వే లెక్కలతోనే బెంగాలీ గణితవేత్త రాధానాథ్ సిక్దర్ ఎవరెస్టు అన్నిటికంటే ఎత్తైన శిఖరమని తేల్చాడు.

వీధి పటం పూర్తయ్యాకే ఫోను తీయండి. గూగుల్ మ్యాప్స్‌లోనో, ఇస్రో వాళ్ళ భువన్‌లోనో పైనుంచి తీసిన చిత్రం పెట్టి పక్కపక్కన సరిపోల్చాలి. ముందే చూపిస్తే చూసి దింపేస్తారు, అంతే సంగతులు. భువన్ వెనక ఉన్న జాతీయ దూర సంవేదన కేంద్రం హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉందని తెలిస్తే నగరం పిల్లలకు ఇంకాస్త హుషారు.

6. బంగాళాదుంప కొండ

కాంటూరు గీతలు, అంటే పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, పెద్ద తరగతుల్లో కూడా చాలామందికి కొరుకుడు పడవు. దుంపతో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఎగుడుదిగుడుగా, రెండు బుడిపెలున్న దుంప ఏరండి. నిలువునా సగానికి కోసి, కోసిన వైపు కిందికి పెట్టండి. అదే కొండ. పైనుంచి కిందికి రెండు చోట్ల అగరుబత్తి పుల్లతో తూట్లు పొడవండి. ఇప్పుడు స్కేలు నిలబెట్టి సెంటీమీటరు ఎత్తున ఒకటి, రెండు సెంటీమీటర్ల ఎత్తున ఇంకొకటి, ఇలా చుట్టూ గీతలు పెట్టించి, ఆ గీతల మీద బిళ్ళలుగా కోయండి (కత్తి మీ చేతిలోనే ఉండాలి). అడుగు బిళ్ళను కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, తూట్లలోంచి రెండు చుక్కలు పెట్టాలి. తర్వాతి బిళ్ళ తూట్లు ఆ చుక్కల మీదే కూర్చోవాలి, లేకపోతే కొండ పక్కకు ఒరిగిపోతుంది. అన్నీ గీశాక ఒకదానిలో ఒకటి ఇమిడిన వంకర గుండ్రాలు మిగులుతాయి.

మిగతా బిళ్ళల్ని మళ్ళీ దుంపగా పేర్చి అడగండి: "ఈ కొండ ఎక్కాలంటే ఏ వైపు నుంచి ఎక్కుతావు?" గీతలు దగ్గర దగ్గరగా ఉన్న వైపు నిటారు, దూరంగా ఉన్న వైపు వాలు. తిరుమల నడిచి ఎక్కిన పిల్లలైతే, అలిపిరి దారి ఎందుకు అంత పొడుగు, శ్రీవారి మెట్టు ఎందుకు తక్కువ దూరంలోనే అంత ఆయాసం తెప్పిస్తుందో వాళ్ళే చెప్తారు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం, అంటే కిలోమీటరును రెండు సెంటీమీటర్లలో చూపేది, దొరికితే చూపించండి. అందులో సాధారణంగా గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. బిళ్ళలు ఆ పూటే వేపుడు చేసేయొచ్చు.

7. డాబా మీద గోదావరి

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. సెంటీమీటరుకు ఒక కిలోమీటరు అనుకుంటే పద్నాలుగు మీటర్ల అరవై అయిదు సెంటీమీటర్ల పురికొస కావాలి. ఒక డాబా సరిపోకపోతే మెలికలు తిప్పండి, నది కూడా అలాగే తిరుగుతుంది.

ఒక కొస నాసిక్ దగ్గరి త్ర్యంబకం. అక్కడ ఒక గులకరాయి. తర్వాత ఊళ్ళ పేర్లు చీటీల మీద రాసి కలిపేసి, వరుసలో పెట్టమనండి: బాసర, ధర్మపురి, మంథని, ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం, భద్రాచలం, పాపికొండలు, పోలవరం, రాజమండ్రి, ధవళేశ్వరం. ప్రాణహితకు వేరే రంగు దారం ముడివేయండి. ధవళేశ్వరం దగ్గరికి వచ్చాక పురికొస పేటలు విప్పేయండి. ఒక పేట గౌతమి, యానాం వైపు. ఇంకోటి వసిష్ఠ, అంతర్వేది వైపు. మధ్యలో మిగిలిన ముక్క కోనసీమ. పురికొస విప్పడం మా అమ్మాయి పెద్దమ్మ కొడుకు, ఎనిమిదేళ్ళ పిల్లాడి బుర్రలోంచి వచ్చిన ఆలోచన, నాది కాదు.

నదుల దగ్గర ఇంకో పొరపాటు సరిదిద్దాలి. పటంలో పై నుంచి కిందికి పారడమే నది పని అని చాలామంది పిల్లలు అనుకుంటారు. పెన్నను చూపించండి. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, ముందు ఉత్తరంగా అనంతపురం వైపు వచ్చి, ఆ తర్వాతే తూర్పుకు తిరిగి కడప, నెల్లూరు మీదుగా సముద్రానికి పోతుంది. ఉత్తర పినాకిని అన్న పేరు ఊరికే రాలేదు. నర్మద అయితే ఏకంగా పడమరకు పోతుంది. పటంలో కింద అంటే పల్లం కాదు.

8. రైల్లో వెళ్ళేటప్పుడు

కిటికీ పక్క సీటు, చేతిలో స్టేషన్ల వరుస రాసిన పట్టీ ఉంటే చాలు. సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్తుంటే కాజీపేట, వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని, అనకాపల్లి. ఒక్కో స్టేషను వచ్చినప్పుడు టైము, కిటికీలో కనిపించిన పంట, మట్టి రంగు రాయించండి. ఉదయం పూటైతే ఎండ ఏ వైపు కిటికీలోంచి పడుతోందో కూడా చూడమనండి, బండి ఎటు తిరిగిందో తెలిసిపోతుంది.

ఎక్కేముందు ఈ పందెం కాయండి: "విజయవాడ చేరేలోపు మన బండి కృష్ణను ఎన్నిసార్లు దాటుతుంది?" ఒకసారి అంటారు అందరూ. వరంగల్, ఖమ్మం మీదుగా వెళ్ళే బండి ఒక్కసారి కూడా దాటదు, ఉత్తరం వైపు నుంచే ఊళ్ళోకి వస్తుంది. నల్గొండ, మిర్యాలగూడ, గుంటూరు మీదుగా వెళ్ళేదైతే రెండుసార్లు దాటుతుంది: విష్ణుపురం దాటాక ఒకసారి, విజయవాడ గుమ్మంలో ఇంకోసారి. ఎందుకో పటం మీద వేలు పెట్టి కనుక్కోమనండి. మా ఇంట్లో ఈ పందెంలో నేను కూడా ఓడిపోయాను.

9. ప్రయాణం లేని రోజుల్లో

ఊళ్ళ పేర్లు విప్పించండి. పేరు చివర కుంట, చెరువు, వాగు, గుట్ట, కొండ, మిట్ట ఉన్న ఊళ్ళు ఏరి, అక్కడ నిజంగా అది ఉందో లేదో ఉపగ్రహ చిత్రంలో చూడటం ఒక ఆట. "లంక" అని చివర ఉన్న ఊళ్ళు గోదావరి, కృష్ణ పాయల్లోనే గుంపుగా ఎందుకు ఉంటాయో అడగండి.

ఊళ్ళ పేర్లతో అంత్యాక్షరి కూడా ఆడొచ్చు. చెప్పిన ఊరిని పటంలో చూపించగలిగితేనే పాయింటు అన్న నియమం పెట్టకపోతే మాత్రం గోల తప్ప ఏమీ మిగలదు.

గ్లోబు విషయానికి వస్తే, కమలాపండు మీద పెన్నుతో ఖండాలు గీసి, తొక్క ముక్కలు కాకుండా ఒలిచి బల్ల మీద పరచమనండి. చిరగకుండా పరుచుకోదు. గుండ్రటి భూమిని పలక చేయాలంటే ఎక్కడో సాగదీయక తప్పదు. అందుకే చాలా గోడ పటాల్లో గ్రీన్‌లాండ్ భారతదేశం కంటే ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. నిజానికి మన దేశమే దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఊరికి వెళ్ళి చీకటి ఆకాశం దొరికితే ధ్రువ నక్షత్రం వెతకండి. చెయ్యి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఆకాశం నేలను తాకే గీత నుంచి ధ్రువుడి దాకా ఎన్ని పిడికిళ్ళో అదే దాదాపు మీ అక్షాంశం: తిరుపతిలో ఒకటిన్నరకు కాస్త తక్కువ, హైదరాబాద్‌లో రెండుకు కాస్త తక్కువ. డాలస్‌లో ఉన్న బాబాయికి మూడు దాటుతాయి, లండన్‌లో ఉన్న అత్తకు అయిదు. నగరం వెలుగుల్లో ఇది కుదరదు, మా డాబా మీద ఎప్పుడూ కుదరలేదు.

10. ఇప్పుడు అట్లాసు

కొనేటప్పుడు ముద్రించిన సంవత్సరం చూడండి. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు ముందు అచ్చయినది కొంటే పిల్లలకు సొంత జిల్లాయే కనిపించకపోవచ్చు.

అయితే ఇంట్లో పాత అట్లాసు ఉంటే పారేయొద్దు. కొత్తదాని పక్కన పరిచి తేడాలు పట్టమనండి. మొదట భద్రాచలం ఇవ్వండి: 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, తర్వాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఆ తర్వాత అమ్మమ్మ వాళ్ళ ఊరు. పుస్తకాల్లో దొరకని సంవత్సరాలుంటాయి, వాటికోసం అమ్మమ్మకే ఫోన్ చేయాల్సి వస్తుంది. గంటకు తక్కువ మాట్లాడదు, ముందే ఛార్జింగ్ చూసుకోండి.